మేలు చేసినవాడు యజమానుడగునా?



ఒకనికి మనము మేలు చేసితిమనుకొనుడి. ఆకలిగొనియుండగా అన్నము పెట్టితిమి. అక్షరములు రానివానికి అక్షరములు నేర్పితిమి. బంధకములలో నుండగా విడిపించితిమి. ఆ మేలునుబట్టి వాని చేతులమీదను, వాని దినములమీదను, వాని నేలమీదను మనకు హక్కు కలుగునా? కలిగినయెడల అది ఎన్ని సంవత్సరములు నిలుచును? ప్రశ్న చిన్నదిగానే కనబడును. ఐతే ఈ ప్రశ్నకు “కలుగును” అని జవాబు చెప్పుకొని సముద్రములు దాటిన రాజ్యములు కలవు. అదే జవాబు చెప్పుకొని ఒక కుటుంబమును మూడు తరములు తన దొడ్డిలో కట్టియుంచిన ఆసామియు కలడు. కాబట్టి దీనిని కొంచెము నిలిచి ఆలోచింతము.

ఇందుకొరకు ఒక నాటకమును మీయెదుట పెట్టుచున్నాను. నాటకమా అని మన పెద్దలలో కొందరు ముఖము చిట్లింతురేమో! ఉపమానములు విని పెరిగిన సంఘములు మనవి. కథ చెప్పి మనుష్యుని మనస్సాక్షిని తట్టుట మనకు కొత్త కాదు. దీనిని వ్రాసినవాడు ఇంగ్లాండు దేశపు కవియైన షేక్స్పియరు. దీని పేరు టెంపెస్టు, అనగా తుపాను. 1611వ సంవత్సరము నవంబరు 1వ తేదీ రాత్రి లండనులో జేమ్సు రాజు ఎదుట దీనిని ఆడిరి. ఆ రాజు ఆజ్ఞవలన తర్జుమా చేయబడిన ఇంగ్లీషు బైబిలు అచ్చుపడినదియు ఆ సంవత్సరముననే. కవి 1616లో మరణించెను. ఆయన నాటకములన్నిటిని స్నేహితులు 1623లో ఒక పెద్ద గ్రంథముగా అచ్చువేయించినప్పుడు ఈ నాటకమునే మొదట పెట్టిరి.

ఆ దినములలో ఇంగ్లీషువారు అమెరికా తీరమున వర్జీనియా అను వలస నాటుచుండిరి. 1609లో అక్కడికి జనులను తీసికొనిపోవుచున్న సీ వెంచరు అను ఓడ తుపానులో చిక్కి బెర్ముడా దీవుల రాళ్లకు తగులుకొనెను. అందరును మునిగిపోయిరని స్వదేశమువారు అనుకొనిరి. ఐతే ఆ ఓడలోని సుమారు 150 మందియు ఒడ్డు చేరి, ఆ దీవిలో తొమ్మిది నెలలకు పైగా బ్రదికి, అక్కడి దేవదారు మ్రానులతో రెండు చిన్న ఓడలు కట్టుకొని 1610లో వర్జీనియా చేరిరి. ఈ వార్త లండనులో అందరి నోటను మెదలుచుండగా కవి తన నాటకమును వ్రాసెను. అయితే ఒక భేదము గమనించుడి. బెర్ముడాలో అప్పుడు మనుష్యులెవరును కాపురము లేరు. కవి కల్పించిన దీవిలో ఒకడున్నాడు. కథలోని చిక్కంతయు ఆ ఒక్కనితోనే వచ్చినది.

ఇక కథ వినుడి. ప్రోస్పెరో అనువాడు ఇటలీలోని మిలాను పట్టణమునకు ప్రభువు. పరిపాలన తమ్మునికి అప్పగించి తాను పుస్తకములలో మునిగియుండెను. తమ్ముడు ఆంటోనియో నేపుల్సు రాజుతో కుట్రచేసి, అన్నను, మూడేండ్లు నిండని అతని కూతురు మిరాండాను ఒక కుళ్లిన పడవలో సముద్రముమీదికి త్రోసివేసెను. గొంజాలో అను ముసలి మంత్రి దయతలచి ఆ పడవలో అన్నము, నీళ్లు, బట్టలు, ప్రోస్పెరోకు ప్రియమైన పుస్తకములు పెట్టించెను. పడవ కొట్టుకొనిపోయి ఒక దీవికి చేరెను. పండ్రెండేండ్లు గడిచెను. పుస్తకములవలన ప్రోస్పెరో మంత్రవిద్య సాధించెను. శత్రువులు ఎక్కిన ఓడ దీవి సమీపమునకు రాగా తుపాను లేపి వారిని ఒడ్డున పడవేసెను. అన్యాయము పొందినవాడు ఇప్పుడు అధికారి. అతడేమి చేయునన్నదే నాటకము.

ఐతే మన దృష్టి ఆ రాజులమీద కాదు. ఆ దీవిలో అతనికి పనిచేయు ఇద్దరిమీద.

మొదటివాడు ఏరియల్. వాడు గాలివంటి ఆత్మ. (ఈ పేరు యెషయా గ్రంథములో యెరూషలేమునకు వాడబడిన పేరే.) ప్రోస్పెరో రాకమునుపు సికోరాక్సు అను మంత్రగత్తె అల్జీర్సునుండి వెళ్లగొట్టబడి, గర్భిణిగా ఆ దీవిలో విడువబడినది. తన హేయమైన ఆజ్ఞలకు లోబడలేదని ఆమె ఏరియల్‌ను ఒక సరళవృక్షము చీలికలో బంధించి, అట్లే చనిపోయెను. పండ్రెండేండ్లు వాడు ఆ చెట్టులో మూలుగుచుండెను. ప్రోస్పెరో ఆ చెట్టును తెరిచి వానిని బయటికి తెచ్చెను. నిజముగా గొప్ప మేలు. ఐతే విడిపించినవాడే వానిని తన సేవకు పెట్టుకొనెను, కొంతకాలమని ఒప్పందము.

నాటకములో ఏరియల్ ఒకచోట నెమ్మదిగా ఆ ఒప్పందమును జ్ఞాపకము చేయును. నమ్మకముగా పనిచేసితిని, అబద్ధమాడలేదు, సణగలేదు, ఒక సంవత్సరము తగ్గించెదనని మాట యిచ్చితివిగదా అని అడుగును. అడుగగానే ప్రోస్పెరోకు కోపము వచ్చును. నిన్ను ఎక్కడనుండి విడిపించితినో మరచితివా అని మొదలుపెట్టి ఆ కథ మరల మొదటినుండి చెప్పును. నెలకొకసారి నీకిది జ్ఞాపకము చేయవలసి వచ్చుచున్నది అనును. అంతటితో ఆగక, ఇక సణిగితివా సింధూరవృక్షమును చీల్చి అందులో నిన్ను పండ్రెండు చలికాలములు బిగించెదనని బెదరించును. మంత్రగత్తె చేసిన పనినే విమోచకుడు చేసెదననుచున్నాడు. చెట్టు ఒక్కటే మారినది.

మేలు నెలకొకసారి లెక్క చెప్పబడినప్పుడు అది మేలుగా నుండదు, అప్పు అగును. ఈ లెక్క మన పల్లెలకు తెలియనిది కాదు. తండ్రి పెండ్లికో, తల్లి రోగమునకో ఆసామి ఇచ్చిన కొద్దిపాటి రూకలకు కుమారుడు పాలేరుగా చేరి, వాని కుమారుడును ఆ నాగలికే తగులుకొని, అసలు మాత్రము తరుగక నిలిచిన ఇండ్లు ఎన్ని! అప్పిచ్చిన దినమున ఆ ఆసామి చేసినది సహాయమే. ఆ రోగికి ఆ దినమున మందు దొరికినది. అది అబద్ధమని ఎవరును అనరు. ఆ ఒక్క దినపు నిజమును పట్టుకొని ముప్పది సంవత్సరముల చాకిరి లాగుటలోనే అన్యాయము కలదు. నిజాం రాజ్యములో దొరల గడీలకు వెట్టి మోసిన తెలంగాణా పల్లెవారిని అడిగియుండినయెడల, మీ పెద్దలకు మేము నేల చూపితిమి, నీడ యిచ్చితిమి అను మాట వారును నెలకొకసారి వినియుందురు. అప్పుకు కట్టుబడిన చాకిరిని దేశమంతట రద్దుచేయుచు చట్టము వచ్చినది 1976లో మాత్రమే.

రెండవవాడు కాలిబాను. సికోరాక్సు కుమారుడు. దీవిలో పుట్టినవాడు. ఈ పేరు నరభక్షకుడను ఇంగ్లీషు మాట అక్షరములను తారుమారు చేసి కట్టినదని పండితులలో అనేకులు చెప్పుదురు. వాని తల్లి పూజించిన దేవత పేరు సెటెబోసు. ఇది దక్షిణ అమెరికా కొనయందలి పటగోనియా జనుల దేవత పేరని, మెగలాను సముద్రయాత్రను గూర్చి వ్రాసిన పుస్తకములలో కలదు. కాబట్టి కవి ఊరక కల్పన చేయుటలేదు. యూరపువారు సముద్రముల ఆవల ఎవరిని చూచిరో, చూచి ఏమి పేర్లు పెట్టిరో ఆ సంగతులు అతని బల్లమీద ఉన్నవి.

కాలిబాను చెప్పుకొను సంగతి ఇది. నీవు మొదట వచ్చినప్పుడు నన్ను నిమిరితివి. పండ్లరసము కలిపిన నీళ్లిచ్చితివి. పగలు మండు పెద్దదానికిని రాత్రి మండు చిన్నదానికిని పేర్లు నేర్పితివి. అందుకు నేను నిన్ను ప్రేమించి దీవి అంతయు చూపితిని, మంచినీళ్ల ఊటలెక్కడనో, ఉప్పుగుంటలెక్కడనో, పంటకు వచ్చు నేల ఏదో, రానిది ఏదో. అప్పుడు నాకు నేనే రాజును. ఇప్పుడు నీకున్న ఒక్కగానొక్క ప్రజ నేనే. ఈ రాతిలో నన్ను మూసి మిగిలిన దీవినంతయు నీవు తీసికొంటివి.

చదువరులారా, ఆ ఊటల మాట దగ్గర కొంచెము ఆగుడి. కొత్తగా ఊరికి వచ్చినవానికి నీళ్లెక్కడ నుండునో చూపుట ఎంత మేలో నీళ్లులేని వేసవిలో చెలమలు త్రవ్వుకొనినవారికి చెప్పనక్కరలేదు. నేర్పినవాడు ప్రోస్పెరో ఒక్కడే కాదు. కాలిబానును నేర్పెను. సూర్యచంద్రుల పేర్లు తెలియకయు మనుష్యుడు బ్రదుకగలడు. ఊట తెలియనిదే బ్రదుకలేడు. ఐనను ప్రోస్పెరో తానిచ్చినదానినే లెక్కించును, తాను పుచ్చుకొనినది అతని లెక్కలో ఎక్కదు. వలస పాలకుల చరిత్రలన్నిటిలోను లెక్క ఇట్లే వ్రాయబడియున్నది. మేము రైలు వేసితిమి, బడి పెట్టితిమి అను పద్దు మొదటి పుటలోనే యుండును.

ఇక్కడ న్యాయముగా మరియొక మాట చెప్పవలెను. కాలిబాను మచ్చలేనివాడు కాడు. అతడు మిరాండాను బలాత్కరింప చూచెను. ప్రోస్పెరో ఈ సంగతిని ముఖముమీద చెప్పగా వాడు సిగ్గుపడక, నీవు అడ్డుపడకుంటే ఈ దీవిని నా సంతానముతో నింపియుందును అని నవ్వును. ఈ కాలమందు కాలిబాను పక్షముగా వ్రాయు కొందరు ఈ మాటను చూడనట్లే దాటిపోవుదురు. అది సరికాదు. ఆ చిన్నదాని భయమును తక్కువ చేసి ఏ పీడితుని పక్షమును నిలువబెట్టలేము. ప్రోస్పెరో తన కూతురిని కాపాడుకొనెను. వానిని ఆమె దగ్గరనుండి తొలగించెను. అది తండ్రి ధర్మము.

ఐతే తరువాత జరిగినదేమి? కాలిబానును చూచుటకు నాకు ఇష్టము లేదు అని మిరాండా అనగా, తండ్రి చెప్పిన జవాబు వినుడి: వాడు లేకుండ మనకు గడువదు, నిప్పు చేయువాడు వాడే, కట్టెలు తెచ్చువాడు వాడే, మనకు లాభమైన పనులు చేయువాడు వాడే. చూచితిరా! ఇంతవరకు వినినది నేరమునకు శిక్ష అని. ఇప్పుడు తెలిసినది అది కొలువు అని. నిజముగా కూతురి క్షేమమే తలంపైనయెడల ఆమెకు అసహ్యమైనవానిని దినదినము ఆమె వాకిటికి కట్టెలమోపుతో ఏల రప్పించును? వాని నేరము నిజము. ఆ నేరము అతనికి ఉపయోగపడుచున్నదన్నదియు నిజము. శిక్షించువానికి శిక్షవలన లాభము కలుగునప్పుడు ఆ శిక్షకు గడువు ఉండదు. నేరస్థుడు మారవలెనను ఆశయు మెల్లగా చల్లారిపోవును, మారినయెడల కట్టెలు తెచ్చువాడెవడు?

ఇది నాటకమువరకే అనుకొనకుడి. ఈ నాటకమునకు సరిగా నూరేండ్లు ముందు, స్పెయిను దేశస్థులు హిస్పానియోలా దీవిలో స్థిరపడియుండిరి. వారి ఏర్పాటు ఏమనగా, ఒక్కొక్క స్పెయిను దొరకు ఇందరు ఇండియనులని అప్పగింపబడుదురు. దొర వారిని కాపాడి వారికి క్రైస్తవ బోధ చేయించవలెను. అందుకు బదులుగా వారు అతనికి పని చేయవలెను. కాగితముమీద ఎంత చక్కని ఒప్పందము! బోధకు బదులు చాకిరి. ఆ చాకిరిలో, గనులలో, రోగములలో ఆ దీవి జనులు కొద్ది దశాబ్దములలో దాదాపుగా నశించిపోయిరి. 1511 డిసెంబరులో, క్రిస్మసుకు ముందు వచ్చు ఆగమన ఆదివారములలో ఒకదానియందు, ఆంటోనియో మాంటెసీనో అను సన్యాసి ఆ దొరలే కూర్చున్న గుడిలో ప్రసంగపీఠమెక్కి, వీరు మనుష్యులు కారా, ఏ అధికారముచేత వీరిని ఈ దాస్యములో ఉంచితిరని అడిగెను. దొరలు పశ్చాత్తాపపడలేదు, కోపముతో మఠమునకు పోయి ఆ మాట వెనుకకు తీసికొమ్మనిరి. మరుసటి ఆదివారము ఆయన మరల పీఠమెక్కి అదే మాట ఇంకను గట్టిగా చెప్పెను.

అట్టి దొరలలో ఒకడుగా ఇండియనుల పనిమీద బ్రదికిన బార్తొలొమే దె లాస్ కాసాస్ అను పాదిరి 1514లో తనకు అప్పగింపబడినవారిని విడిచిపెట్టి, మిగిలిన జీవితమంతయు వారి పక్షమున వాదించెను. 1550లోను 1551లోను స్పెయినులోని వయ్యదోలిద్ పట్టణమున పెద్ద వాదము జరిగినది. సెపూల్వెదా అను పండితుడు, ఆ జనులు నరబలులు ఇచ్చు దుర్మార్గులు, కాబట్టి వారిని యుద్ధముతో లోబరచుట న్యాయమే అనెను. చూడుడి, ప్రోస్పెరో వాదమే ఇది. వారి నేరమును చూపి వారి నేలను పుచ్చుకొనుట. లాస్ కాసాస్ దానిని ఎదిరించెను. ఐనను ఇట్టి మనుష్యుడే మొదట ఇండియనుల బాధ తీర్చుటకై ఆఫ్రికానుండి దాసులను తెప్పింపుడని సలహా ఇచ్చియుండెను. తరువాత దానికై మిక్కిలి దుఃఖపడి తన గ్రంథములో ఒప్పుకొనెను. ఒకని మెడనుండి తీసిన కాడిని ఇంకొకని మెడమీద పెట్టుట ఎంత సులభమో ఆయన జీవితమే సాక్ష్యము.

మరల దీవికి వత్తము. కాలిబానుకు మాట నేర్పితినని మిరాండా అనును. (కొందరు సంపాదకులు ఆమె నోట అంత కోపము ఇమడదని ఆ మాటలను తండ్రికి ఇచ్చిరి, నాకు అది ఊరక ఆమెను మెత్తన చేయుటగా తోచుచున్నది.) అందుకు కాలిబాను, నేర్పితిరి, దానివలన నాకు కలిగిన లాభము తిట్టుటకు శక్తి కలుగుటయే అని జవాబిచ్చును. మన మిడిమిడి చదువులవారు దీనిని కృతఘ్నత అందురు. కాని ఆ ఇంటిలో వానితో ఎవరు ఏమి మాటలాడుదురు? లే, తే, పో, మొయ్యి. చేయనిచో రాత్రి కండరములు పట్టునట్లు, సూదులు గ్రుచ్చినట్లు బాధ పెట్టించెదననుట. వాని చెవిలో పడిన మాటలెట్టివో వాని నోటినుండియు అట్టివే వచ్చినవి. వాని భాష ఏదో, వాడు ఆ ఊటలకు ఏమి పేర్లు పెట్టుకొనెనో ప్రోస్పెరో ఒక్కసారియు అడుగలేదు.

భాషను ఇచ్చుట ఒకటి, భాషను నేర్చుకొనుట ఒకటి. 1835లో మెకాలే మన దేశములో ఇంగ్లీషు చదువే పెట్టవలెనని వ్రాసినప్పుడు, తనకు సంస్కృతమైనను అరబ్బీయైనను రాదని తానే ఒప్పుకొనుచు వాటి విలువను తేల్చివేసెను. అదే కంపెనీ కొలువులో నున్న చార్లెసు ఫిలిప్పు బ్రౌను పండితులను కూర్చుండబెట్టుకొని తెలుగు నేర్చి, పాడైపోవుచున్న తాళపత్రములను వెదకించి, 1852లో తెలుగు నిఘంటువు అచ్చువేయించెను. ఇద్దరును పాలకుల పక్షమువారే. ఒకడు మాత్రము శిష్యుడుగా కూర్చుండెను.

ఆశ్చర్యమేమనగా, తిట్టుటయే వచ్చునని చెప్పుకొనిన కాలిబాను నోటనే కవి ఈ నాటకమంతటిలో మిక్కిలి మధురమైన పలుకులు పెట్టెను. తాగుబోతులిద్దరు ఏదో గాలిలో వాద్యము విని భయపడుచుండగా, భయపడవద్దు, ఈ దీవి నిండ ఇట్టి స్వరములున్నవి, అవి హాని చేయవు, వాటిని విని నిద్రించి కలలో మేఘములు తెరచుకొని ఐశ్వర్యము రాలబోవుచున్నట్లు చూచి, మేల్కొని మరల ఆ కల కావలెనని ఏడ్చితిని అను అర్థముగా చెప్పును. ప్రోస్పెరో వానిని మట్టి అనును. మట్టి ఏడ్చి కలను కోరదు.

ఆ తాగుబోతుల సంగతి కూడ చెప్పవలెను. ట్రింక్యులో అను విదూషకుడు, స్టెఫానో అను పానపాత్రల సేవకుడు ఓడనుండి కొట్టుకొనివచ్చిరి. కాలిబానును చూడగానే ట్రింక్యులోకు వచ్చిన తలంపు, వీనిని ఇంగ్లాండుకు తీసికొనిపోయి సంతలో చూపినయెడల డబ్బు వచ్చునుగదా అని. అక్కడివారు కుంటి బిచ్చగానికి గవ్వ వేయరు గాని చచ్చిన ఇండియనును చూచుటకు పది ఇత్తురు అని కూడ అనుకొనును. కవి తన దేశస్థులనే పొడిచెను. 1577లో ఫ్రోబిషరు అను నావికుడు ఉత్తర మంచుదేశమునుండి ఒక పురుషుని, ఒక స్త్రీని, ఒక పసిబిడ్డను పట్టితెచ్చి ఇంగ్లాండులో దింపెను. కొద్ది వారములలోనే ముగ్గురును చనిపోయిరి.

స్టెఫానో కాలిబాను నోట సారాయి పోసెను. ఎన్నడును దానిని ఎరుగని కాలిబాను వీడు ఆకాశమునుండి దిగిన దేవుడని సాగిలపడి, నీ పాదము ముద్దుపెట్టుకొందును, నీకు ఊటలు చూపెదను, పండ్లు కోసెదను, చేపలు పట్టెదను, కట్టెలు తెచ్చెదను అనెను. అనుచునే, స్వాతంత్ర్యము వచ్చినదని కేకలువేసి పాట పాడెను! ఈ ఘట్టమును చూచి జనులు నవ్వుదురు. నాకు మాత్రము నవ్వు రాదు. ప్రోస్పెరోకు మొదట ఏమేమి ఇచ్చెనో సరిగా వాటినే, ఊటలతో సహా, ఈ సీసా చేతబట్టినవానికి ఇచ్చుచున్నాడు. పాత దొర పోవుట ఒకటి, దొర లేకుండ పోవుట ఒకటి. పోలింగు ముందురాత్రి సీసాలు పంచబడిన పేటలలో నివసించువారికి దీనిని నేను విప్పి చెప్పనేల?

1950లో మన్నోనీ అను ఫ్రెంచివాడు మడగాస్కరు దీవి జనులను గూర్చి ఒక పుస్తకము వ్రాసి, ఈ ఘట్టమును ఆధారము చేసికొని, వలస ప్రజల స్వభావములోనే ఒకరిమీద ఆధారపడు గుణము కలదని వాదించెను. ఆ పుస్తకమునకు మూడేండ్ల ముందే, 1947లో, ఆ మడగాస్కరు జనులు ఫ్రెంచివారిమీద తిరుగబడగా వేలాదిమంది ప్రాణములు పోయినవి. ఆధారపడుటయే స్వభావమైనవారు అట్లు చత్తురా? మార్టినీకు దీవిలో పుట్టిన ఫానాను అను వైద్యుడు 1952లో దీనికి జవాబు వ్రాసి, ఆ గుణము పుట్టుకతో రాలేదు, దొరతనమే దానిని పుట్టించినదని చూపెను. నేను ఆ వైద్యుని పక్షమే. కాలిబాను తన కథలో తనకు తానే రాజుగా నున్న దినమును మరువలేదు. వంగి వంగి వెన్ను అలవాటుపడినది గాని వంగుటకే పుట్టిన వెన్ను కాదు.

ఇప్పుడు కవి చేసిన ఒక చిన్న పని చూడుడి. దీనిని చదివినప్పుడెల్ల నా మనస్సు నిలిచిపోవును. కాలిబాను కట్టెలమోపుతో తిట్టుకొనుచు వచ్చు రంగము ముగియగానే మరియొకడు కట్టెలు మోయుచు ప్రవేశించును. వీడు ఫెర్డినాండు, నేపుల్సు రాజకుమారుడు. మిరాండాను ప్రేమించుచున్న ఇతనిని పరీక్షించుటకు ప్రోస్పెరో వేలకొలది దుంగలను మోసి పేర్చుమని ఆజ్ఞాపించెను. అవే కట్టెలు, ఆ యజమానుడే. ఐతే ఇతడు సంతోషముగా మోయును. మిరాండా వచ్చి, కూర్చుండుము, నేను మోసెదను అనును. ఇద్దరికిని భేదమేమి? రాజవంశమని కొందరు చెప్పుదురు. కాదు. ఇతని పనికి అంతము కలదు. ఇతని చెమటను చూచి నొచ్చుకొను మనస్సు ఒకటి దగ్గర నిలిచియున్నది. కష్టపడుటలో అవమానము లేదు. మన గ్రామములు కష్టముమీదనే నిలిచియున్నవి. ఎవరును నొచ్చుకొనని కష్టము, ఎన్నడు తీరునో తెలియని కష్టము, అదే దాస్యము. కాలిబానుకు కూర్చుండుమని చెప్పినవారు ఆ దీవిలో ఒక్కరును లేరు.

చివరికి ప్రోస్పెరో శత్రువులందరు అతని చేత చిక్కిరి. అప్పుడు అతని మనస్సును త్రిప్పినదెవరో తెలియునా? సేవకుడైన ఏరియల్. వారి దుఃఖమును నీవిప్పుడు చూచినయెడల నీ హృదయము మెత్తబడును అనెను. నిజముగా అట్లు తోచుచున్నదా అని యజమానుడడిగెను. నేను మనుష్యుడనైయుంటే నా హృదయము మెత్తబడును అని ఏరియల్ చెప్పెను. మనుష్యుడు కానివాడు మనుష్యునికి మనుష్యత్వము నేర్పినాడు! నేర్పుట ఎల్లప్పుడును తననుండియే క్రిందికి పోవుననుకొనిన పండితునికి అది తగిలెను. పగ విడిచెను. మంత్రదండమును విరిచి పాతిపెట్టుదును, పుస్తకమును సముద్రములో ముంచుదును అనెను. శత్రువులను క్షమించెను, తమ్ముడు ఆంటోనియో మాత్రము క్షమాపణ అడిగినట్లు నాటకములో ఒక్క మాటయు లేదు. ఏరియల్‌ను విడుదల చేసెను.

మరి కాలిబాను? దొంగలతో కూడ వానిని లోపలికి తీసికొనిరాగా, ప్రోస్పెరో రాజుల ఎదుట ఈ చీకటిని నాదిగా ఒప్పుకొనుచున్నానను అర్థమునిచ్చు ఒక మాట పలుకును. ఆ “నాది” అనునది ఎట్టి నాది? నా సొత్తు అనియా, నా బాధ్యత అనియా? నాలుగు వందల సంవత్సరములుగా చదువువారు దీనిని తర్కించుచున్నారు. ఇట్టి మాటను వేరొకచోట మనము వినియున్నాము. పారిపోయిన ఒనేసిమును తిరిగి పంపుచు పౌలు ఫిలేమోనుకు వ్రాసిన చిన్న పత్రికలో, వానిని దాసునిగా కాక ప్రియసహోదరునిగా చేర్చుకొమ్మనియు, వాడు నీకు ఏమైన అచ్చియున్నయెడల ఆ లెక్క నామీద వేయుమనియు కోరెను. వాడు నావాడు అన్నవాడు వాని అప్పును తన పేర వ్రాసికొనెను. ప్రోస్పెరో అంతవరకు పోలేదు. నాది అనెను గాని, నేను పుచ్చుకొనిన దీవి అని అనలేదు. వెంటనే, క్షమింపబడవలెనని కోరుచున్నయెడల గుహను చక్కగా సర్దుము అని పని చెప్పెను. కాలిబాను, ఇకమీదట బుద్ధిగా నుండి కృపను వెదకుదును, తాగుబోతును దేవుడనుకొనిన గాడిదనైతిని అని చెప్పి లోపలికి పోయెను.

1969లో మార్టినీకువాడైన ఎమే సెజేరు అను కవి ఈ కథను తన జనుల పక్షమునుండి తిరిగి వ్రాసెను. అందులో కాలిబాను యజమానుడు పెట్టిన పేరునే నిరాకరించును. ప్రోస్పెరో దీవిని విడిచిపోలేక అక్కడనే ముసలివాడగును. షేక్స్పియరు ప్రోస్పెరో మాత్రము ఇంటికి పోవుటకు సిద్ధపడును. అందరును వెళ్లిన తరువాత అతడొక్కడే వేదికమీద నిలిచి, మంత్రములన్నియు పోయినవి, మీరు విడిచిపెట్టిననే గాని నేను ఇక్కడనుండి కదలలేను, మీరు క్షమింపబడగోరినట్లే నన్నును విడుదల చేయుడని చూచువారిని బ్రతిమాలును. మత్తయి సువార్త ఆరవ అధ్యాయమందలి ప్రార్థనను దినదినము చెప్పుకొనువారికి ఆ మాట క్రొత్తగా వినబడదు. పండ్రెండేండ్లు విడుదలను తన గుప్పిటిలో పట్టుకొనినవాడు ఇప్పుడు చేతులు చాపి దానిని అడుగుచున్నాడు.

కాలిబాను ఆ ఓడ ఎక్కెనో, దీవిలోనే మిగిలెనో కవి వ్రాయలేదు. తెల్లవారగానే ఓడ నేపుల్సుకు బయలుదేరును. గుహ లోపల వాడు ఇంకను ఊడ్చుచున్నాడు. వాకిట కట్టెలు పేర్చియున్నవి.